మోకాలిలో స్టీలు



మా అమ్మకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయి ఆరేళ్ళవుతోంది. గోదావరి పక్క పల్లెటూళ్ళో గుమ్మం దాటాలంటే గోడ పట్టుకోవాల్సిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే చెరువుగట్టు దాకా నడిచి పూలు కోసుకుని వస్తుంది. ఆ మోకాళ్ళలో పెట్టింది ఏదో మిశ్రమలోహమని డాక్టరుగారు చెప్పారు. అమ్మ భాషలో అది స్టీలు. "నా కాళ్ళలో స్టీలు గిన్నెలున్నాయర్రా" అని మనవలతో హాస్యమాడుతుంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ స్టీలు సంగతి ఎవరికీ గుర్తుండదు. విమానం ఎక్కే రోజున మాత్రం పదిమందికీ వినపడేలా కూస్తుంది.

రెండేళ్ళ కిందట ఢిల్లీలో మా తమ్ముడి ఇంటికి ఆమెని తీసుకెళ్ళాను. ఏ ఊరి విమానాశ్రయమో, అక్కడున్నది ఏ యూనిఫామో చెప్పను. ఆ ఒక్కచోట గురించి కాదు నేను మాట్లాడేది. సెక్యూరిటీ చెక్ దగ్గర ఆడవాళ్ళ వరస వేరుగా ఉంటుంది కదా, అమ్మ నాకు ముందుంది. చేతిసంచి, మందుల డబ్బా, చెప్పులు ట్రేలో పెట్టించాను. తలుపు చట్రంలాంటి డిటెక్టర్‌లోంచి నడిచింది. అది కుయ్‌మంది. అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది, నేనూ నవ్వాను.

ఆ తర్వాత కర్టెన్ వేసిన చిన్న గది. లోపల జానెడెత్తు పీట. దాని మీద నిలబడి చేతులు చాపాలి. పాతికేళ్ళు కూడా నిండని అమ్మాయి చేతి డిటెక్టర్ పట్టుకుని పైనుంచి కిందికి తిప్పింది. మంగళసూత్రాల దగ్గర కూసింది, పర్వాలేదు. పైట పిన్నీసు దగ్గర కూసింది, పర్వాలేదు. గాజులు సరే. మోకాళ్ళ దగ్గర కూసింది. "యే క్యా హై?" అంది ఆ పిల్ల. "మోకాళ్ళమ్మా, ఆపరేషను" అంది అమ్మ. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆ పిల్ల చేత్తో సైగ చేసింది, చీర పైకెత్తమని. అమ్మ ఎత్తింది. మోకాలికొకటి, జానెడు పొడుగు కుట్ల మచ్చలు. ఆ పిల్ల వంగి చూసి, తడిమి, బోర్డింగ్ పాస్ మీద ముద్ర కొట్టి ఇచ్చేసింది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. ఒక్క పరుషమైన మాట లేదు. కానీ ఆ కర్టెన్ ఒక పక్క రింగులు ఊడి, బెత్తెడు సందు విడిచింది. ఆ సందులోంచే ఇదంతా నాకు కనిపించింది. నాకు కనిపించిందంటే ఇంకెవరికైనా కనిపించినట్టే.

అమ్మ ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుంది, మందుల డబ్బా లెక్క చూసుకుంది. విమానం పైకి లేచాక, బెల్టు లైటు ఆరాక, కిటికీవైపు చూస్తూ అంది: "అవతల మగాళ్ళు నిలబడ్డారే అమ్మాయ్." అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆ కర్టెన్ రింగుల సంగతి ఎవరితోనైనా చెప్పాలనిపించింది. తిరుగు ప్రయాణంలో అదే ఊళ్ళో దిగినప్పుడు కాస్త ఆగి అడిగాను. విమాన సంస్థ కౌంటర్లో అమ్మాయి, అది మా పని కాదు మేడమ్, ఎయిర్‌పోర్ట్ వాళ్ళది అంది. ఎయిర్‌పోర్ట్ డెస్క్‌లో అబ్బాయి, సెక్యూరిటీ వాళ్ళని అడగండి అన్నాడు. సెక్యూరిటీ పెద్దమనిషి చాలా మర్యాదగా, ఒక ఉత్తరం రాయండి మేడమ్ అన్నాడు. ఎవరికి రాయాలి అంటే, ఎవరికైనా రాయవచ్చు అన్నాడు. ఎవరికైనా రాయవచ్చు అంటే ఎవరూ జవాబివ్వక్కర్లేదనే కదా.

ఈవేళ నా ప్రసంగం ఆ జవాబు గురించే.

ముందు ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే తనిఖీ వద్దనే వాళ్ళలో నేను లేను. 1976 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి బొంబాయి వెళ్ళాల్సిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసి లాహోరుకి మళ్ళించారు. ఆ తర్వాత వేసిన పాండే కమిటీ సిఫారసుతో 1978 జనవరిలో విమాన భద్రతకి ఒక చిన్న విభాగం పుట్టింది. 1985 జూన్‌లో ఎయిర్ ఇండియా కనిష్క అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది పోయారు. సూట్‌కేసులో పెట్టిన బాంబు అది. 1987 ఏప్రిల్ 1 నుంచి ఆ చిన్న విభాగమే బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ పేరుతో సొంత కాళ్ళ మీద నిలబడింది. బీసీఏఎస్ అంటారు. ఇక 1999 డిసెంబరు 24, కాఠ్మాండూ నుంచి వస్తున్న విమానం హైజాక్, కాందహార్. అది ఎవరికీ చెప్పక్కర్లేదు. అప్పటిదాకా విమానాశ్రయాల్లో తనిఖీ చేసింది ఆయా రాష్ట్రాల పోలీసులు. 2000 ఫిబ్రవరిలో జైపూరుతో మొదలుపెట్టి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి, అంటే సీఐఎస్ఎఫ్‌కి, ఆ పని అప్పగించారు. ఇప్పుడు 60కి పైగా విమానాశ్రయాల్లో వాళ్ళే ఉన్నారు.

ఇందులో మెలిక చూడండి. ఎలా తనిఖీ చెయ్యాలో రాసేది బీసీఏఎస్, అది పౌర విమానయాన శాఖ కింద ఉంది. చేతులతో తనిఖీ చేసేది సీఐఎస్ఎఫ్, అది హోం శాఖ కింద ఉంది. ఆ కర్టెన్, ఆ పీట, ఆ ట్రేలు ఉండే భవనం నడిపేది ఇంకొకరు. మన చేతిలో ఉన్న టికెట్ అమ్మింది మరొకరు. నలుగురు కలిసి మోసే పల్లకీలో ఎవరి భుజం దిగిందో లోపల కూర్చున్నవాడికి తెలియదు.

డబ్బు మాత్రం ఎవరిదో స్పష్టంగా ఉంది. ఈసారి టికెట్ తీసుకున్నప్పుడు కింద సన్న అక్షరాల్లో చూడండి, విమాన భద్రతా రుసుము అని ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి దేశంలో ప్రయాణానికి 200 రూపాయలు, విదేశాలకైతే 12 డాలర్లు. ఆ పిల్ల జీతమూ, ఆ డిటెక్టరూ మనం కట్టినవే. ఉచితంగా దొరికిన భోజనంలో ఉప్పు తక్కువైందని అనకూడదంటారు. ఇది ఉచితం కాదు.

ఇప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటి చెబుతాను. ఎక్స్‌రే యంత్రం ముందు కూర్చుని బ్యాగుల బొమ్మలు చూసే ఉద్యోగి ఉంటాడు కదా, ఆయన మెలకువగా ఉన్నాడా లేదా అని ఆ యంత్రమే పరీక్ష పెడుతుంది. ఏ పాపమూ ఎరగని మన బ్యాగు బొమ్మలోకి ఒక పిస్తోలు బొమ్మనో, ఒక బాంబు బొమ్మనో నిజమైనదానిలాగే జొప్పిస్తుంది. ఆయన గబుక్కున మీట నొక్కాలి. నొక్కితే, ఇది పరీక్ష, పట్టుకున్నావు అని చెబుతుంది. నొక్కకపోతే, తప్పిపోయావు అని రాసుకుంటుంది. ఎవరు ఎన్ని పట్టారు, ఎన్ని వదిలారు, లెక్క ఉంటుంది. కళ్ళు అలిసిపోతాయి కాబట్టి యూరప్‌లోనైతే వరసగా 20 నిమిషాలకు మించి తెర ముందు కూర్చోకూడదని నియమం.

ఎంత బాగా ఆలోచించారో చూడండి. మనిషి కన్ను మీద అంత శ్రద్ధ. మరి మనిషి నోటి మీద, చేతి మీద? ఆ కర్టెన్ వెనక రోజుకి వందలమంది నిలబడతారు. అందులో ఎంతమంది తలవంచుకుని బయటికొచ్చారో రాసుకునే యంత్రం ఏదీ లేదు. కత్తి తప్పిపోతే లెక్క, మాట తూలితే లెక్క లేదు. నా ఫిర్యాదంతా ఇంతే.

"లెక్క లేదంటావేమిటి, క్షమాపణలు చెబుతూనే ఉన్నారుగా" అని మా వారు వాదిస్తారు. నిజమే, చెప్పారు. ఎవరికి చెప్పారో చూద్దాం.

సుధాచంద్రన్ గుర్తున్నారా? 1980ల మధ్యలో మన తెలుగువాళ్ళం "మయూరి" సినిమా చూసి ఏడ్చి, చప్పట్లు కొట్టాం. సింగీతం శ్రీనివాసరావుగారు తీశారు, రామోజీరావుగారు నిర్మించారు. బస్సు ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కాలు పెట్టుకుని, మళ్ళీ గజ్జె కట్టిన నర్తకి కథ. ఆమె కథలో ఆమే నటించింది. ఆ సినిమా వచ్చిన మూడున్నర దశాబ్దాలకి, 2021 అక్టోబరులో, ఆవిడ ఒక చిన్న వీడియో పెట్టారు. విమానాశ్రయంలో ప్రతిసారీ ఆ కృత్రిమ కాలు విప్పమంటున్నారట. దాని మీద పేలుడు పదార్థాల జాడ ఉందేమో చూసే పరీక్ష ఉంది, అది చెయ్యండి చాలు అని తను అడిగినా విప్పించారట. వయసు మళ్ళినవాళ్ళకి కార్డు ఇచ్చినట్టు మాలాంటివాళ్ళకీ ఒక కార్డు ఇవ్వండి అని ప్రధానమంత్రిని అడిగారు.

ఆ పరీక్ష పెద్ద వ్యవహారం కాదు. చిన్న గుడ్డముక్కలాంటి పట్టీతో వస్తువును తుడిచి యంత్రంలో పెడతారు. ల్యాప్‌టాప్ బ్యాగుకి చెయ్యడం మీరూ చూసే ఉంటారు. కాలు విప్పి ఇవ్వడం అలా కాదు. బెల్టులు వదులు చెయ్యాలి, తొడుగు లాగాలి, మళ్ళీ అంతా సరిగ్గా అమర్చుకోవాలి. అది అయ్యేదాకా ఆ మనిషి ఒంటికాలితో కూర్చుని ఉండాలి, తన కాలు ట్రేలో బెల్టు మీద వెళ్ళిపోతుంటే చూస్తూ.

వీడియో వచ్చిన మర్నాడే సీఐఎస్ఎఫ్ విచారం తెలిపింది. చాలా అరుదైన పరిస్థితుల్లో తప్ప కృత్రిమ అవయవాలు విప్పించకూడదన్నదే తమ పద్ధతి అనీ, ఇక్కడ ఎందుకు విప్పించారో చూస్తామనీ చెప్పింది. అంటే నియమం ముందునుంచీ ఉంది. లేనిదల్లా, ఆ నియమం తప్పినప్పుడు పట్టుకునే చెయ్యి. సుధాచంద్రన్‌గారికైతే లక్షలమంది అభిమానులు చేయందించారు. అదే జైపూర్ కాలు పెట్టుకుని శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్ళే నిజామాబాద్ కూలీకి, జగిత్యాల మేస్త్రీకి ఎవరున్నారు? వాళ్ళ వీడియో ఎవరు చూస్తారు?

2020 ఆగస్టులో చెన్నై విమానాశ్రయంలో ఎంపీ కనిమొళికి ఇంకో అనుభవం. తనకి హిందీ రాదు, తమిళంలోగానీ ఇంగ్లీషులోగానీ మాట్లాడమన్నారట. దానికి భద్రతా ఉద్యోగిని, మీరు భారతీయులేనా అని అడిగిందని ఆవిడ చెప్పారు. వెంటనే విచారణకి ఆదేశించారు. ఇదీ ఒక ఎంపీకి. మా అమ్మ "మోకాళ్ళమ్మా" అన్నప్పుడు జరిగింది అంత ఘోరం కాదుగానీ, వేరు మాత్రం అదే. ఆ పిల్ల ఉత్తరాదినుంచి వచ్చింది, ఎవరూ ఆమెకి నాలుగు తెలుగు ముక్కలు నేర్పలేదు. నొప్పా, ఆపరేషనా, ఎక్కడ, కూర్చోండి, అయిపోయింది. ఇరవై ముప్పై మాటలు చాలు. మా వీధిలో పానీపూరీ అమ్మే బీహారు కుర్రాడు ఆరు నెలల్లో నేర్చుకున్నాడు, "కారం ఎక్కువ వెయ్యనా అక్కా" అంటాడు. అతనికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. మరి ఇక్కడ శిక్షణ కేంద్రాలున్నాయి, పాఠ్యాంశాలున్నాయి.

ఇది మన దేశానికే ఉన్న జబ్బు అనుకోకండి. 2010 డిసెంబరులో అమెరికాలో మన రాయబారి మీరా శంకర్‌ని మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ విమానాశ్రయంలో పక్కకి తీసుకెళ్ళి ఒళ్ళంతా తడిమి చూశారు. కారణం ఏమిటంటే చీర. వదులుగా ఉండే బట్టలు వేసుకున్నవాళ్ళని ఆపవచ్చని వాళ్ళ నియమం. ఆరు గజాల చీరని వదులు బట్టల పద్దులో వేశారు! మన ప్రభుత్వం గట్టిగానే అభ్యంతరం చెప్పింది. వాళ్ళ రవాణా భద్రతా సంస్థ, టీఎస్ఏ, పద్ధతి ప్రకారమే చేశాం అంది. అమెరికాలో కూతురి పురుటికి వెళ్ళే మన ఆడవాళ్ళు చాలామంది పంజాబీ డ్రెస్సులోకి మారింది అచ్చంగా ఇందుకేనని చెప్పలేనుగానీ, మా పిన్ని మాత్రం ఇందుకే మారింది.

టీఎస్ఏ 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, ఆ నవంబరులోనే పుట్టింది. బూట్లు విప్పించడం, ఒళ్ళు తడమడం, సీసాలు పారేయించడం, అన్నిట్లోనూ ప్రపంచానికి గురువైంది. అంత చేసీ, 2015లో వాళ్ళ సొంత శాఖే రహస్యంగా పరీక్ష పెట్టింది. మారువేషాల్లో వెళ్ళి నకిలీ బాంబులు, ఆయుధాలు దాటించే ప్రయత్నం చేస్తే, 70 సార్లలో 67 సార్లు దాటిపోయాయని వార్త బయటికొచ్చింది. అప్పటి తాత్కాలిక అధిపతిని ఆ పదవినుంచి కదిపేశారు. అంటే ఆయుధం లెక్కకి అక్కడ కూడా కుర్చీ కదిలింది. కసిరితే భద్రత పెరుగుతుందనే నమ్మకానికి ఆ 67 ఏ పాటి జవాబో మీరే ఆలోచించండి.

మర్యాద లెక్క అక్కడ కోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఫిలడెల్ఫియా విమానాశ్రయంలో 2006లో ఒకావిడ తన సామాన్లు అందరి ముందూ కాకుండా విడిగా గదిలో తనిఖీ చెయ్యమని అడిగింది. అక్కడ మాటామాటా పెరిగింది. చివరికి ఆవిడే దాడి చేసిందని అరెస్టు చేశారు. ఆ కేసులో నిర్దోషిగా బయటపడి, ఆవిడ ఎదురు దావా వేసింది. ప్రభుత్వం వాదన ఏమిటంటే, ఇలాంటి తప్పుడు అరెస్టుల మీద ప్రభుత్వం మీద దావా వెయ్యాలంటే ఆ పని చేసినవాళ్ళు చట్టం దృష్టిలో సోదా అధికారులై ఉండాలి, మా తనిఖీ సిబ్బంది ఆ కోవలోకి రారు అని. ఒంటిమీద చెయ్యివేసి వెతికేవాడు సోదా చేసేవాడు కాడట! 2019 ఆగస్టులో అక్కడి అప్పీలు కోర్టు, వస్తారు, దావా నడవవచ్చు అని తేల్చింది. తలుపు తీయించడానికే పదమూడేళ్ళు పట్టింది.

మన దగ్గర ఆ తలుపు ఎక్కడుంది? కొందరు శ్రోతలు సమాచార హక్కు చట్టం అంటారు. ఆ చట్టంలో రెండో షెడ్యూలు అని ఒకటుంది, భద్రతా సంస్థలకి మినహాయింపు ఇస్తుంది. సీఐఎస్ఎఫ్ అందులో ఉంది. అయితే అదే సెక్షన్, అంటే 24వ సెక్షన్, ఒక కిటికీ వదిలింది. అవినీతి ఆరోపణలూ, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలూ ఆ మినహాయింపు కిందికి రావు. మానవ హక్కుల సంగతైతే కేంద్ర సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాలి. మంచిదే. కానీ ఊడిన కర్టెన్ రింగు మానవ హక్కుల ఉల్లంఘన అని మా అమ్మ దరఖాస్తు రాస్తుందా? రాసినా గుమాస్తా నవ్వడూ? పెద్ద అన్యాయాలకి కోర్టులున్నాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ని 2012లో విమానంలోంచి దింపేస్తే, 2016లో సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం ఇప్పించింది. రోజూ జరిగే ఈ చిల్లర చిన్నబుచ్చడానికే ఎక్కడా పద్దు లేదు.

పౌర విమానయాన శాఖ 2016లో ఎయిర్‌సేవ అనే పోర్టల్, యాప్ తెచ్చింది. ఫిర్యాదు చెయ్యవచ్చు. నేను కాదనను. కానీ సెక్యూరిటీ వరసలో నిలబడ్డ మనిషికి అక్కడే, ఆ క్షణాన, కంటికి ఎదురుగా ఆ మాట కనిపించాలి. ట్రేల పక్కన ఒక బోర్డు చాలు, తెలుగులో. కృత్రిమ అవయవం ఉంటే, ఒంట్లో ప్లేటు ఉంటే, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి, విడి గదిలో తనిఖీ అడగండి, మీ వెంట ఒక మనిషిని రానివ్వమనండి, ఇబ్బంది కలిగితే ఈ నంబరుకి చెప్పండి అని. నిషిద్ధ వస్తువుల బోర్డు ఎంత పెద్దదో చూశారుగా, కత్తెర బొమ్మ, లైటర్ బొమ్మ, గొడ్డలి బొమ్మ కూడా ఉంటుంది. చేతిసంచిలో గొడ్డలి పెట్టుకుని విమానం ఎక్కేవాడెవడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అంత బోర్డులో ప్రయాణికుడు అడగదగ్గ నాలుగు మాటలకి జాగా దొరకదా?

ఆ వచ్చిన ఫిర్యాదులకి నంబరివ్వాలి, జవాబివ్వాలి, ఏ విమానాశ్రయంలో నెలకి ఎన్ని వచ్చాయో, ఎన్నిటికి ఏం చేశారో గోడమీద అంటించాలి. రాజమండ్రిలో ఎన్ని, రేణిగుంటలో ఎన్ని, శంషాబాద్‌లో ఎన్ని. ఇందులో భద్రతా రహస్యం ఏముంది? కర్టెన్ ఊడిందని తెలిస్తే ఏ ఉగ్రవాదికి లాభం?

అటువైపు మాట కూడా చెప్పాలి. పీట పక్కన నిలబడే ఆ పిల్ల సంగతి నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. గంటకి ఎన్ని వందల చేతులు చాపుకుని ఆమె ముందు నిలబడతాయి! ఫ్లైట్ టైమైపోయిందని కసిరేవాళ్ళు, నేనెవరో తెలుసా అనేవాళ్ళు. ఆమె ఒక్క పొరపాటు చేస్తే ఉద్యోగం పోతుంది, కసిరినవాళ్ళకేమీ పోదు. పైగా పైనుంచి వచ్చే మాట కూడా నిలకడగా ఉండదు. 2018 అక్టోబరులో సీఐఎస్ఎఫ్ పెద్దలు ఒక నిర్ణయం చెప్పారు, పేపర్లన్నీ రాశాయి. ప్రయాణికులతో మరీ స్నేహంగా ఉంటే మెలకువ తగ్గుతుంది కాబట్టి, ఇకనుంచి పెద్ద నవ్వు వద్దు, సరిపడా నవ్వు చాలు అని. ఎంత నవ్వితే సరిపడా నవ్వో కొలిచేందుకు ఏమైనా ఇచ్చారేమో తెలియదు. నన్నడిగితే నవ్వు అసలు అక్కర్లేదు. కర్టెన్ పూర్తిగా లాగి, "కూర్చోండమ్మా" అంటే చాలు, ముఖం ఎంత గంభీరంగానైనా పెట్టుకోవచ్చు.

యంత్రాలు వస్తే ఈ తడమడమే తగ్గుతుందంటారు. ఒంట్లో స్టీలుకి కూయకుండా ఒంటిమీద దాచిన వస్తువును చూపించే బాడీ స్కానర్లు 84 విమానాశ్రయాల్లో పెట్టాలని 2019లో బీసీఏఎస్ ఆదేశించింది. 2020 మార్చికల్లా అన్నారు. ఆ మార్చిలో ఏం వచ్చిందో మనందరికీ తెలుసు. గడువు దాటిపోయింది, అమ్మ మోకాళ్ళు చట్రం డిటెక్టర్ దగ్గరే కూస్తున్నాయి.

ఇదంతా మారదేమోనని నిరాశపడేవాళ్ళకి రెండు సంగతులు. మన చేతిసంచులకి ఒకప్పుడు ట్యాగ్ కట్టి, దానిమీద ముద్ర కొట్టేవారు, జ్ఞాపకముందా? ముద్ర పడని ట్యాగుతో గేటు దాకా వెళితే, అక్కణ్ణించి మళ్ళీ వెనక్కి తరిమేవారు. నేను ఒకసారి పసిపిల్లని చంకనేసుకుని అలా పరిగెత్తాను. 2017 ఏప్రిల్ 1 నుంచి హైదరాబాద్‌తో సహా 7 విమానాశ్రయాల్లో ఆ ముద్ర తీసేశారు. ఏ విమానమూ కూలలేదు. రెండోది, శబరిమల వెళ్ళే స్వాముల ఇరుముడి. విమానంలో చేతిసంచిలో కొబ్బరికాయ కుదరదని నియమం. నెయ్యి పోసిన కొబ్బరికాయ లేకుండా ఇరుముడి లేదు, దాన్ని చెకిన్ బ్యాగులో పడేయడానికి స్వాములకి మనసొప్పదు. ఎన్నో ఏళ్ళ గొడవ తర్వాత 2024 అక్టోబరులో బీసీఏఎస్ ఆ యాత్రాకాలానికి, జనవరి 20 దాకా, చేతిలోనే తీసుకెళ్ళవచ్చంది. ఎక్స్‌రే చేస్తారు, జాడ పరీక్ష చేస్తారు, చేత్తో చూస్తారు, పంపిస్తారు. ఆ సంగతి అందరికీ చెప్పింది విమానయాన మంత్రిగా ఉన్న మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడుగారే. కొబ్బరికాయకి జాడ పరీక్ష చేసి మర్యాదగా పంపగలిగినవాళ్ళు జైపూర్ కాలికి చెయ్యలేరా?

తేడా ఏమిటంటే కొబ్బరికాయ మోసేవాళ్ళు వేలమంది ఒకేసారి నిలబడి అడిగారు. మోకాళ్ళవాళ్ళం ఒక్కొక్కరం వెళతాం, ఒక్కొక్కరం ఊరుకుంటాం. ఇది మారకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నియమాలు రాయించగల పెద్దల్లో చాలామంది ఆ పీట ఎక్కరు. రాష్ట్రపతి నుంచి మొదలుపెట్టి, తనిఖీ లేకుండా వెళ్ళగలవారి జాబితా ఒకటుంది. మాజీ రాష్ట్రపతిగా అబ్దుల్ కలాంగారు ఆ జాబితాలోనే ఉండేవారు. అయినా 2009లో ఢిల్లీలో ఒక అమెరికన్ విమాన సంస్థ సిబ్బంది ఆయన్ని ఆపి తనిఖీ చేశారు. ఆయన పల్లెత్తు మాట అనలేదు. మూడు నెలల తర్వాత సంగతి బయటపడి పార్లమెంటు అట్టుడికింది, ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. ఆయన ఊరుకున్నారు, దేశం కోప్పడింది. నాకు అప్పుడే ఒక వెర్రి ఆలోచన వచ్చింది. ఆ జాబితాలో ఉన్న పెద్దలంతా ఏడాదికి ఒక్కసారి, ఏ హడావుడీ లేకుండా, మామూలు వరసలో నిలబడి ఆ పీట ఎక్కితే, కర్టెన్ రింగులు ఆ సాయంత్రానికే వస్తాయి కదా అని.

అమ్మ వచ్చే నెల మళ్ళీ ఢిల్లీ వెళుతోంది. ఈసారి తమ్ముడే వచ్చి తీసుకెళతాడు, మగవాడు కాబట్టి అమ్మ వరసలో వాడుండడు. మొన్న ఊరెళితే అలమారలోంచి ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం తీసింది. మోకాలి ఎక్స్‌రే బొమ్మ, డాక్టరు సంతకం ఉన్నదే. మండపేట వెళ్ళి లామినేషన్ చేయించుకొచ్చిందట. "దీని వెనకాల హిందీలో రాసిపెట్టవే, తెలుగక్షరాలతో" అంది. ఏం రాయమంటావు అన్నాను. కాసేపు ఆలోచించి చెప్పింది. నేను స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాశాను: "బేటీ, ఘుట్‌నే మే స్టీల్ హై. పర్దా ఠీక్ సే లగావో."

ఇప్పుడు పూలు కోసుకుంటూ అదే వల్లెవేస్తోంది. "ఘుట్‌నే" దగ్గర ఇంకా తడబడుతోంది. "పర్దా" మాత్రం మొదటిరోజే వచ్చేసింది.